నాకంటే ముందు ఈ బోల్టు విప్పినవారు

నా దగ్గరకు వచ్చేనాటికే ఆ కారు చాలా చేతులు మారింది. కాగితాల మీద ఉన్న పేర్లు కొన్నే. వాటిలో ఏ ఒక్కరినీ నేను చూడలేదు, మాట్లాడలేదు. అయినా వాళ్లలో కనీసం ముగ్గురు నాకు బాగా తెలుసు. ఒకరికి ఓపిక ఎక్కువ. ఇంకొకరికి ఓపిక లేదు కానీ పుట్టీ మాత్రం పుష్కలంగా ఉంది. మూడో మనిషి దగ్గర ఉన్నది ఒకే ఒక్క పానా, అదీ ఈ కారుకు సరిపోనిది. పాత కారును విప్పుతూ పోతే ఏ బోల్టు దగ్గర ఎవరు కూర్చున్నారో, ఎంత తొందరలో ఉన్నారో కూడా తెలిసిపోతుంది. ఆ కారు నడిపిన రోజుల కంటే, నాకు ముందు దాన్ని బాగు చేసినవాళ్లను తిట్టుకుంటూ, అప్పుడప్పుడూ మెచ్చుకుంటూ షెడ్డులో గడిపిన రోజులే నాకు ఎక్కువగా గుర్తున్నాయి.

అది ఇంగ్లండులో ఎంజీ అనే కంపెనీ తయారు చేసిన 1966 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్. రెండే సీట్లు, మడతపెట్టే గుడ్డ పైకప్పు, తీగల చక్రాలు. 1798 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజను, దానికి రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, అంటే గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకు అందించేవి. కొత్తలో 95 హార్స్‌పవర్ ఇచ్చేది, గంటకు 100 మైళ్లు దాటేది. ఇవాళ సరుకులు తెచ్చుకునే చిన్న కారు కూడా దాన్ని వెనక్కి నెట్టి పోగలదు. వేగమే కొలమానమైతే ఎంజీబీని లోకం ఎప్పుడో మరిచిపోయేది. కానీ ఆ సీటులో కూర్చుంటే నేల జానెడు దూరంలోనే ఉన్నట్టుంటుంది, స్టీరింగు రోడ్డు మీది ప్రతి గులకరాయి సంగతీ చేతులకు చెబుతుంది. గంటకు 60 కిలోమీటర్లకే ఏదో సాహసం చేస్తున్నామన్న భ్రమ కలుగుతుంది. ఈ వయసులో నాకు ఆ భ్రమే చాలు.

ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఆబింగ్డన్ కర్మాగారంలో 1962 నుంచి 1980 వరకు ఈ కార్లు తయారయ్యాయి. మొత్తం ఐదు లక్షలకు పైనే. 1980 అక్టోబరులో ఆ కర్మాగారమే మూతపడింది. అంత పెద్ద సంఖ్యలో తయారైనందువల్ల మాలాంటివాళ్లకు ఒక మేలు జరిగింది. ఈ కారుకు దొరకని విడిభాగమంటూ దాదాపు లేదు. పాత అచ్చులను వెతికి పట్టుకుని, బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988లో ఎంజీబీ బాడీని మొత్తంగా మళ్లీ తయారు చేయడం మొదలుపెట్టింది. అంటే తుప్పు పట్టిన బాడీని అవతల పారేసి, కొత్త బాడీ తెప్పించుకుని, పాత ఇంజనూ ఇరుసులూ అందులోకి మార్చుకోవచ్చు. అలా చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ ఒక దశలో దాని గురించి గట్టిగానే ఆలోచించాను.

వద్దన్నది మాస్టారు. ఆయన ఒక సాంకేతిక పాఠశాలలో లేత్ పని నేర్పి రిటైరయ్యారు. మా షెడ్డుకు రెండిళ్ల అవతల ఉండేవారు. మొదటిసారి వచ్చినప్పుడు కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, అయస్కాంతం ఒకటి జేబులోంచి తీసి బాడీ మీద అక్కడక్కడా అంటించి చూశారు. డోర్ల కింద ఎక్కడ పెట్టినా అయస్కాంతం జారి కిందపడుతోంది. బానెట్ మీదా పడిపోయింది కానీ, అది మంచి కారణానికే. తొలి ఏళ్ల ఎంజీబీలకు బానెట్ అల్యూమినియంతో చేసేవారు. "అబ్బాయ్, ఇక్కడ ఇనుము లేదు, పుట్టీ ఉంది. తీసి చూద్దాం. కొత్త బాడీ తెప్పిస్తే నీకు కొత్త కారు వస్తుంది. అది కావాలనుకుంటే ఇది ఎందుకు కొన్నావు?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. మరుసటి ఆదివారం నుంచి ఆయన తన పనిముట్ల పెట్టెతో సహా వచ్చేవారు.

విప్పడంలో మాస్టారిది ఒకటే కట్టడి. ఏ బోల్టునూ డబ్బాలో పడేయకూడదు. భాగాన్ని విప్పి తీశాక, ఆ బోల్టును అదే రంధ్రంలో చేత్తో తిప్పి పెట్టేయాలి. అలా కుదరనివాటిని మాత్రమే సంచీలో వేసి చీటీ కట్టాలి. ఫోటోలు తీస్తున్నాను కదా మాస్టారూ అంటే, ఫోటోలో బోల్టు పొడవు కనిపించదు అనేవారు. నెలల తర్వాత మళ్లీ బిగించేటప్పుడు ఆ కట్టడి విలువ తెలిసింది. ఫోటోలు వందల కొద్దీ ఉన్నాయి, నాకు కావలసిన కోణంలో ఒక్కటీ లేదు.

తుప్పుతో పట్టేసిన బోల్టు విషయంలో కూడా ఆయనకు తొందర ఉండేది కాదు. ముందురోజు రాత్రి చొచ్చుకుపోయే నూనె పోసి వదిలేయడం, ఉదయం వైర్ బ్రష్‌తో మరలు శుభ్రం చేయడం, ఆ తర్వాత విప్పబోయే ముందు వెంట్రుకవాసి బిగించడం. బిగిస్తే చిన్న కీచుమన్న శబ్దం వస్తుంది. తుప్పు పట్టు వదిలిందని దాని అర్థం. అప్పటికీ కదలకపోతే నట్టును వేడి చేయాలి. బోల్టును కాదు, నట్టునే. వేడికి నట్టు వ్యాకోచించి బోల్టును వదులుతుంది. వేడి తగ్గుతుండగా కొవ్వొత్తి ముక్క అంటిస్తే కరిగిన మైనం మరల్లోకి జారిపోతుంది. ఇన్ని చేసినా విరిగేవి విరుగుతాయి. వాటి మధ్యలో డ్రిల్లుతో రంధ్రం చేసి, మరలను ట్యాపుతో మళ్లీ కోయడం ఆయన చేస్తుంటే చూడటం ఒక ముచ్చట.

పానా మనిషి పరిచయమైంది ఇక్కడే. ఎంజీబీలో బోల్టులు ఎక్కువ భాగం అంగుళాల కొలతలవి. అరంగుళం తల అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 మిల్లీమీటర్ల పానా పెట్టినా పట్టుకున్నట్టే ఉంటుంది. బోల్టు వదులుగా ఉంటే పని కూడా జరిగిపోతుంది. బిగుసుకుపోయి ఉంటే మాత్రం పానా జారి మూలలు అరిగిపోతాయి. రెండోసారికి తల గుండ్రమై కూర్చుంటుంది. ఈ కారు కింద భాగంలో అలాంటి గుండ్రటి తలలు వరసగా ఉన్నాయి. ఆ మనిషికి మేము పదమూడు అని పేరు పెట్టుకున్నాం. ఎక్కడ గుండ్రటి తల కనిపించినా "పదమూడు ఇక్కడికీ వచ్చాడు" అనేవారు మాస్టారు, ఎంతో నిస్పృహగా. చివరికి వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ నుంచి నూనె దించే ప్లగ్గు మీద ఉలి దెబ్బలు చూసిన రోజున ఆయనకు నిజంగానే కోపం వచ్చింది.

ఇక పుట్టీ పెద్దమనిషి గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఎంజీబీకి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. పైకప్పు లేని కారు కాబట్టి బలమంతా కింద నుంచే రావాలి. డోర్ల కింద పొడవునా ఉండే సిల్లులే ఆ బరువు మోసేది. బయటికి కనిపించేది ఒక రేకే అయినా, లోపల నిలువుగా ఒక రేకు, దాని వెనక లోపలి సిల్లు, కింద క్యాజిల్ రైలు అనే దూలం లాంటి పట్టీ ఉంటాయి. ఇవన్నీ అతుక్కుని ఒక పెట్టెలా పనిచేస్తాయి. చక్రాలు చిమ్మే బురద ముందు మడ్‌గార్డు వెనక చేరి, తడిని పట్టి ఉంచి, ఈ పెట్టెను లోపలి నుంచి తినేస్తుంది. పైకి రంగు మెరుస్తూనే ఉంటుంది. లోపలి రేకులు పోయాక కారు మధ్యలో కుంగడం మొదలవుతుంది. డోరు పైభాగంలో సందు ఇరుకవుతుంది, డోరు మూసేటప్పుడు కాస్త ఎత్తి మూయాల్సి వస్తుంది. అమ్మేవాళ్లు దాన్ని "డోరు కొంచెం మొండికేస్తుంది" అని చెబుతారు.

మా కారులో బయటి రేకు ఒలిచినప్పుడు కింద మరో బయటి రేకు కనిపించింది. కుళ్లిన సిల్లు మీద కొత్త రేకు తొడిగి, అంచుల్లో అక్కడక్కడా వెల్డింగు చుక్కలు పెట్టి, సందుల్లో పుట్టీ కూరారు. పుట్టీ నిలబడటానికి వెనక కాగితాలు ఉండలు చుట్టి పెట్టారు. ఒక ఉండ విప్పి చూస్తే పత్రికలో గళ్ళ నుడికట్టు. సగం నింపి వదిలేశారు. మాస్టారు కళ్లజోడు సవరించుకుని, అడ్డం మూడు తప్పు రాశాడని తేల్చారు. ఆ రోజంతా పని జరగలేదు, నవ్వుతూనే ఉన్నాం.

నవ్వినా ఆ మనిషి మీద నాకు పూర్తిగా కోపం రాలేదు. అప్పట్లో అది పాత కారే కానీ ఇంకా పురాతనం కాలేదు. దానికి విలువ లేని కాలం అది. ఏదో ఒకలా తనిఖీ దాటించి ఇంకో ఏడాది నడుపుకుందామనుకున్న మనిషి చేసిన పని. ఆ పుట్టీ లేకపోతే కారు అప్పుడే ముక్కల దుకాణానికి పోయేదేమో. మాస్టారు మాత్రం ఈ వాదన ఒప్పుకోలేదు. మనుషుల్ని కూర్చోబెట్టి నడిపే వాహనానికి కాగితం ఉండలతో బలం ఇచ్చినవాడిని క్షమించకూడదనేవారు. ఈ విషయంలో ఇప్పటికి నేను కూడా ఆయన పక్షానికే వచ్చేశాను.

సిల్లులు కోయడానికి ముందు చేయాల్సిన పనే అసలైన పని. కారును మధ్యలో జాకీల మీద ఎత్తి సిల్లు కోస్తే రెండు కొసలూ కిందికి వాలిపోతాయి. అలాగే కొత్త రేకు అతికితే ఆ వంకర శాశ్వతమవుతుంది. ఆ తర్వాత ఏ డోరూ కుదరదు. అందుకని బరువును ముందు వెనక ఇరుసుల దగ్గర మోపి, డోరు ఖాళీలో ఇనుప పట్టీలు అడ్డంగా, ఏటవాలుగా వెల్డు చేసి, సందులు సమంగా వచ్చేదాకా వాటిని సవరించాం. డోరు పెట్టి చూడటం, తీయడం, నూలు పోగంత జరపడం, మళ్లీ పెట్టడం. ఒక పక్క పూర్తిగా ముగిశాకే రెండో పక్క ముట్టుకోవాలి. వెల్డింగు కూడా ఒకే గీతగా లాగకూడదు. ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క రెండో చివర, చల్లారనిచ్చి మధ్యలో ఒకటి. పలుచటి రేకు వేడికి మెలి తిరగకుండా ఉండాలంటే అదొక్కటే దారి. కొత్త రేకుల లోపలి ముఖాలకు అతికే ముందే జింకు ప్రైమరు పూశాం. అంతా అయ్యాక రంధ్రాల గుండా కరిగించిన మైనం చిమ్మాం. ఈసారి ఆ పెట్టెలోకి తడి చేరినా పట్టుకునే చోటు దొరకదు.

ఆ పని ఎన్ని వారాలు సాగిందో లెక్క పెట్టలేదు. అడ్డపట్టీలు కోసేసిన సాయంత్రం మాస్టారు డోరును వేలి కొసతో తోశారు. అది టక్కున పడింది, ఎత్తాల్సిన పని లేకుండా. ఆయన ఏమీ అనలేదు. ఇంకోసారి తెరిచి మళ్లీ తోశారు.

ఈ హాబీలో ఉన్నవారందరికీ సోకే జబ్బు ఒకటుంది: ఎలాగూ విప్పాం కదా! సిల్లుల కోసం ముందు మడ్‌గార్డులు విప్పాం, అవి ఈ కారులో బోల్టులతోనే ఉంటాయి. ఎలాగూ విప్పాం కదా అని ముందు సస్పెన్షను, దాన్ని ఎలాగూ విప్పాం కదా అని స్టీరింగు ర్యాక్, ఆ తర్వాత ఇంజను. సీటు పట్టాలు బిగించాల్సిన బోల్టు ఒకటి మార్చబోయి పూర్తి కారును విప్పేసినవాళ్లు నాకు తెలుసు. కొందరి కార్లు ఆ దశలోనే, పెట్టెల నిండా భాగాలుగా, మరొకరికి అమ్ముడుపోతాయి. మాది అలా కాకపోవడానికి కారణం మాస్టారే. ఒక మూల పని ముగించకుండా రెండో మూలకు పోనిచ్చేవారు కాదు.

ఇంజను గురించి చెప్పుకోవాల్సినంత కథ లేదు. 1964 చివరి నుంచి వచ్చిన ఐదు మెయిన్ బేరింగుల రకం, మొండి ఘటం. బోరు చేయించి, కొత్త పిస్టన్లూ బేరింగులూ వేసి, సీసం లేని పెట్రోలుకు తట్టుకునేలా ఎగ్జాస్ట్ వాల్వుల కింద గట్టి సీట్లు పెట్టించాం. ఒకప్పుడు పెట్రోలులోని సీసమే ఆ వాల్వులకు మెత్తగా ఆనే పొరగా ఉండేది. అది పోయాక మెత్తటి పోతఇనుము సీటు అరిగి, వాల్వు కొద్దికొద్దిగా లోపలికి దిగిపోతుంది. ఇంజను మళ్లీ మొదటిసారి పలికినప్పుడు అందరూ రాసుకునే గొప్ప క్షణం నాకు అంతగా ఆనలేదు. పొగ ఎక్కువగా వచ్చింది, ఆయిలు ప్రెషరు ముల్లు మీదే కళ్లున్నాయి.

నాకు ఆనింది వైరింగు.

ఈ కార్లకు విద్యుత్ పరికరాలు చేసిన లూకస్ కంపెనీ వైరింగు మీద జోకులు లెక్కలేనన్ని. వాళ్ల సంస్థాపకుణ్ణి చీకటి రాజకుమారుడని పిలవడం పాత కార్లవాళ్లకు వాడుక. నా అనుభవంలో తప్పు వైర్లది కాదు, అవి బాడీకి కలిసే చోట పేరుకునే తుప్పుది. పైగా ఆ రంగుల పద్ధతి ఎంత తెలివైనదో ఒకసారి అలవాటైతే తెలుస్తుంది. గోధుమ రంగు అంటే బ్యాటరీ నుంచి నేరుగా, ఎప్పుడూ కరెంటు ఉండేది. తెలుపు అంటే తాళం తిప్పితే వచ్చేది. అదే ఫ్యూజు దాటితే ఆకుపచ్చ. నీలం హెడ్‌లైట్లకు, ఎరుపు పక్క దీపాలకు, ఊదా హారనుకు, నలుపు ఎర్తుకు. రెండు రంగుల చారలుంటే మొదటి రంగు వంశం, రెండోది ఆ వంశంలో ఏ శాఖో చెబుతుంది. పటం లేకుండానే చీకట్లో టార్చిలైటుతో వెతికి పట్టుకోవచ్చు.

డ్యాష్‌బోర్డు వెనక తల దూర్చినప్పుడు కనిపించిందది. వైర్ల కట్టకు టేపు లేదు, ప్లాస్టిక్ పట్టీలు లేవు. మైనం పట్టించిన సన్నటి దారంతో, బెత్తెడుకొక ముడి, అన్ని ముడులూ ఒకే దూరంలో, ఒకే వైపు. మూల తిరిగే చోట దగ్గర దగ్గరగా, తిన్నగా పోయే చోట కాస్త ఎడంగా. ఎవరూ ఎన్నడూ చూడని చోటు అది. మాస్టారు తలకిందులుగా పడుకుని చాలాసేపు చూశారు. "ఇది కార్ల మెకానిక్కు పని కాదు అబ్బాయ్. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలోనో, విమానాల దగ్గరో చేసిన చెయ్యి. అక్కడే వైర్లను ఇలా కుడతారు" అన్నారు. దారం వైరు తొడుగును కోయదు. ఒక ముడి తెగినా పక్క ముడి పట్టి ఉంచుతుంది, ఎండకు పెళుసుబారి రాలిపోదు.

ఆ మనిషి పురుషుడో స్త్రీయో తెలియదు. మేము దారాలవారు అనేవాళ్లం. అప్పటి నుంచి ఎక్కడ మంచి పని కనిపించినా దారాలవారి ఖాతాలోనే వేశాం. ఇంధన గొట్టం బాడీని రాసుకునే చోట తొడిగిన చిన్న తోలు ముక్క, స్పీడోమీటరు కేబులు మలుపులో కట్టిన ఆసరా, టూల్‌కిట్ సంచీ అడుగున పెన్సిలుతో రాసిన వాల్వు క్లియరెన్సులు. అన్నీ వాళ్లవే కాకపోవచ్చు. కానీ అలా అనుకోవడం మాకు బాగుండేది.

దారాలవారి తర్వాత పదమూడో, ఇంకెవరో కారు ఎర్తును మార్చేశారు. ఆ రోజుల్లో ఈ కార్లలో బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిసేది. 1967 చివర్లో వచ్చిన రెండో మార్కు ఎంజీబీతో డైనమో పోయి ఆల్టర్నేటర్ వచ్చింది, నెగటివ్ ఎర్తు కూడా అప్పుడే వచ్చింది. మా కారును ఎవరో రేడియో కోసం కాబోలు నెగటివ్‌కు మార్చుకున్నారు. సీట్ల వెనక ఉండే రెండు ఆరు వోల్టుల బ్యాటరీలకు తీగలు తారుమారు చేసి చేతులు దులుపుకున్నారు. ఇంజను తిరిగే వేగం చూపించే టాకోమీటరు లోపలి సర్క్యూటుకు కూడా ఏది పాజిటివో తెలియాలి. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఎన్నో ఏళ్లుగా ఆ ముల్లు సున్నా దగ్గరే పడి ఉంది. మాస్టారు దాన్ని విప్పి లోపలి తీగలు మార్చి మళ్లీ మూశారు. ముల్లు లేచి వెయ్యి దగ్గర వణుకుతూ నిలబడింది.

పాత వైర్ల తొడుగు వేళ్లతో వంచితే పొడిపొడిగా రాలుతోంది. అగ్ని ప్రమాదంతో ఆటలాడకూడదు కాబట్టి కొత్త వైర్ల కట్ట తెప్పించాం. అయితే పాతదాన్ని నేల మీద పరిచి, ఒక్కో ముడి విప్పి చూసి, ఆ ముడి వేయడం నేర్చుకుని, కొత్తదానికి అవే దూరాల్లో దారం చుట్టాను. ఎందుకింత శ్రమ అని ఇంట్లో అడిగారు. పోటీల్లో నిలబెట్టే కార్లకైతే కర్మాగారంలో చుట్టినట్టు టేపే ఉండాలి, దారం కడితే మార్కులు పోతాయి. నేను ఏ పోటీకీ పోదలచుకోలేదు. కారు ఆబింగ్డన్ నుంచి బయటికి వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే చేయాలన్న పట్టుదల నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఆ రోజు తర్వాత జరిగినదంతా చెరిపేయడమే కదా అది. పుట్టీని చెరిపేశాం, మంచిదే. దారాన్ని ఎందుకు చెరపాలి? అదే కారణంతో సీటు తోలు మీద నెర్రెలను కూడా నూనె పట్టించి వదిలేశాను. రంగు మాత్రం కొత్తదే. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, డబ్బు ఖర్చయింది, బాగా వచ్చింది.

కార్బురేటర్ల పని నేర్చుకోవడం మరో ముచ్చట. ఎస్‌యూ అంటే స్కిన్నర్స్ యూనియన్. స్కిన్నర్ సోదరుల కుటుంబానిది చెప్పుల వ్యాపారం. అందుకే కాబోలు వాళ్ల తొలి కార్బురేటర్లలో పిస్టనుకు బదులు తోలు తిత్తి ఉండేది. తర్వాత వచ్చిన రకంలో పిస్టను గాలి పీల్పును బట్టి తనంతట తానే లేస్తుంది, దాంతోపాటు కొస సన్నబడిన సూది ఒకటి జెట్టులోంచి పైకి జరిగి, కావలసినంత పెట్రోలును వదులుతుంది. కదిలే భాగాలు ఎంత తక్కువో! సరిచేసేటప్పుడు ముందు ఒక రబ్బరు గొట్టాన్ని చెవికి ఆనించుకుని రెండింటి బుసా సమంగా ఉందో లేదో వినాలి. ఆ తర్వాత పిస్టనును పిన్నుతో మిల్లీమీటరు లోపే పైకెత్తాలి. ఇంజను వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైనట్టు, తడబడి ఆగబోతే తక్కువైనట్టు. క్షణం పాటు పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. అడుగున ఉన్న ఆరు పలకల నట్టును ఒక్కో పలక చొప్పున తిప్పుకుంటూ పోవాలి. మాస్టారికి చెవి కాస్త మందగించినా, చేతిని ఎయిర్ క్లీనరు మీద ఆనించి తేడా చెప్పేసేవారు.

మా అమ్మాయి షెడ్డులోకి వచ్చింది వాల్వుల దగ్గర. నాలుగు సిలిండర్ల ఇంజనుకు ఎనిమిది వాల్వులు. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోదాన్ని సరిచేయాలి, ఆరోది తెరుచుకుంటే మూడోదాన్ని, ఏడుకు రెండు. ఎప్పుడు కూడినా తొమ్మిదే. బడిలో కూడికలతో పేచీ పడే పిల్లకు ఇది మహా నచ్చింది. నేను ఇంజను తిప్పుతుంటే "నాలుగు తెరుచుకుంది నాన్నా, ఐదు పట్టు" అని కేకేసేది. మధ్యలో 0.015 అంగుళం ఫీలర్ గేజి దూర్చి, కొంచెం పట్టుగా లాగితే వచ్చేలా ఉందో లేదో తనే చూసేది. పలుచటి ఆ రేకు పట్టు ఎంత ఉండాలో మాటల్లో చెప్పడం కుదరదు. మాస్టారు ఒకసారి దాని వేళ్ల మీద తన వేళ్లు పెట్టి లాగించారు, అంతే.

కారు రోడ్డెక్కాక చాలామంది అడిగిన ప్రశ్న, "అయిపోయింది కదా, ఇంకేం చేస్తావు?" అని. అయిపోవడమేమిటి? నన్నడిగితే అసలు హాబీ అప్పుడే మొదలవుతుంది. పునరుద్ధరణకు ఫోటోలుంటాయి, చప్పట్లుంటాయి. గ్రీజు పెట్టేవాడిని ఎవరూ ఫోటో తీయరు. ముందు చక్రాలు పక్కకు తిరిగే కీళ్లైన కింగ్‌పిన్నులకు ఒక్కో పక్క గ్రీజు ఎక్కించే చిన్న మొనలు మూడేసి ఉంటాయి, 3,000 మైళ్లకోసారి కారును ఎత్తి పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది ఎక్కించాలి. ఎక్కించకపోయినా కారు వెంటనే ఏమీ అనదు. ఏళ్ల తరబడి ఏమీ అనకుండా, ఒక రోజు స్టీరింగు బిగుసుకుపోతుంది. బ్రేకు ద్రవం గాల్లోని తేమను పీల్చుకుంటుంది, లోపలి నుంచి సిలిండర్లను తినేస్తుంది. అందుకే కారు కదలకపోయినా దాన్ని మార్చుతూ ఉండాలి. ఈ మధ్య పెట్రోలులో ఇథనాలు పాళ్లు పెరిగాక పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి చిట్లుతున్నాయి, వాటినీ మార్చుకున్నాం. కార్బురేటర్ పిస్టను అదుపు తప్పి లేవకుండా చూసే డాష్‌పాట్లలో నూనె తగ్గితే కారు ఉరికేటప్పుడు ఉక్కిరిబిక్కిరవుతుంది.

తీగల చక్రాల సంగతి వేరే. మధ్యలో ఒకే ఒక రెక్కల నట్టు, రాగి సుత్తితో కొట్టి బిగిస్తారు. ఎడమ పక్క మరలు ఒక దిశలో, కుడి పక్కవి మరో దిశలో ఉంటాయి, చక్రం తిరిగే కొద్దీ నట్టు బిగుసుకునేలా. ఎవరైనా చక్రాలను పట్టి ఉంచే హబ్బులు అటుదిటు మార్చి బిగిస్తే చక్రం తనను తానే విప్పుకుంటుంది. వాడిన కారు కొనేవారు మరేదీ చూడకపోయినా ఇది చూసుకోవాలి. కారు కదిలేటప్పుడు వెనక నుంచి టక్‌మన్న చప్పుడు వస్తే హబ్బు మీది పళ్లు అరిగాయని అర్థం. పాటలు పెట్టుకుని నడిపితే అది వినిపించదు. అందుకే ఆ కారులో రేడియో ఉన్నా పెట్టం.

ఒకసారి దూర ప్రయాణంలో కారు దారి మధ్యలో ఆగింది. అప్పటికి మా అమ్మాయి పెద్దదైంది. నేను బానెట్ ఎత్తబోతుంటే, "ఉండు నాన్నా" అని తాళం తిప్పి చెవి ఒగ్గింది. తాళం తిప్పగానే వెనక చక్రం దగ్గరి పెట్రోలు పంపు టిక్కు టిక్కుమని కొట్టుకోవాలి. కొట్టుకోవడం లేదు. అందులోనూ సిలిండర్లకు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటరులో లాగానే కాంటాక్టు పాయింట్లుంటాయి, కాలి నల్లబడితే పంపు ఆగిపోతుంది. కిందికి వంగి పంపును సుత్తి పిడితో నెమ్మదిగా తట్టింది. టిక్కు టిక్కుమంది. ఇంటికి చేరాక పాయింట్లు మార్చాం. దారిలో ఆగి మమ్మల్ని చూస్తున్న ఒకాయన, సుత్తితో కారు బాగు చేయడం ఎక్కడా చూడలేదన్నాడు.

మాస్టారు ఇప్పుడు షెడ్డు దాకా రాలేరు. ట్యాపులూ డైలూ ఉన్న పెట్టెను మా అమ్మాయికి ఇచ్చేశారు, నాకు కాదు. అప్పుడప్పుడు మేమే కారులో వెళ్లి ఇంటి ముందు ఆపుతాం. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, ఇంజను ఆపవద్దని సైగ చేసి కాసేపు వింటారు. పోయినసారి మూడో సిలిండరు ప్లగ్గు తీసి చూడమన్నారు. చూస్తే నిజంగానే మసి పట్టి ఉంది.

ప్రస్తుతానికి క్లచ్ తొక్కితే సన్నగా కీచుమంటోంది. ఈ కారులో క్లచ్ రిలీజ్ బేరింగు గోళీల బేరింగు కాదు, కార్బన్ దిమ్మ. అరిగితే మార్చడానికి ఇంజనును బయటికి తీయక తప్పదు. ఈ నెలాఖరులో తీద్దామనుకుంటున్నాం. ఇంజను తీసే గొలుసు కప్పీ, స్టాండు సిద్ధంగా ఉన్నాయి, క్లచ్ ప్లేటు కూడా వచ్చింది. క్రాంకు వెనక ఆయిల్ సీలు కూడా మార్చేద్దామని అమ్మాయి అంటోంది. చుక్క కూడా కారని సీలును ఎందుకు ముట్టుకోవడమని నేను. "ఎలాగూ విప్పుతున్నాం కదా నాన్నా" అంది. ఆ మాట ఎంత దూరం తీసుకుపోతుందో నాకు తెలియనిది కాదు. సీలు తెప్పించాను, గేర్‌బాక్సు ముందు సీలు కూడా.